వైన్ అనగా

ముందే ఒక మాట చెప్పేస్తాను. మా శాఖలో మూర్ఖులెవరూ లేరు. ఒక్కొక్కరం పోటీ పరీక్షలు రాసి, జనరల్ నాలెడ్జిలో డెబ్బయ్యేసి మార్కులు తెచ్చుకుని వచ్చినవాళ్ళం. కాబట్టి ఇది చదివి ఎవరికైనా నవ్వొస్తే మమ్మల్ని చూసి కాదు, రూలుని చూసి నవ్వుకోండి. ఆ రూలు రాసింది నేనే. అది వేరే సంగతి.

మాది పానీయ విక్రయశాలల పర్యవేక్షణ శాఖ. విశాఖపట్నంలో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉంటుంది. నా పేరు కర్రి చిన్నంనాయుడు, సీనియర్ అసిస్టెంటుని. పైవాళ్ళకి వచ్చిన ఊహని మెట్లు దిగేలోపు ఉత్తర్వుగా మార్చడం నా పని. ఇరవై ఆరేళ్ళుగా అదే చేస్తున్నాను. నా డ్రాఫ్టులో కామా మార్చిన అధికారి ఇంతవరకు పుట్టలేదు. చదివిన అధికారీ పుట్టలేదనుకోండి.

పోయిన వేసవిలో మా జాయింట్ డైరెక్టరు ఉపద్రష్ట శేషఫణి గారు వియ్యాలవారితో కలిసి శీతల్ బార్ అండ్ రెస్టారెంటుకి భోజనానికి వెళ్ళారు. లోపల ఏసీ పనిచెయ్యడం లేదు. చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చి తలెత్తితే, 'శీతల్' అని నీలం దీపాలు వెలిగి ఆరుతున్నాయి. మర్నాడు నన్ను గదికి పిలిచి, "నాయుడు గారూ, నామమునకును వస్తువునకును నడుమ గల ఈ అగాధము ప్రజాస్వామ్యమునకే ముప్పు" అన్నారు. ఆయన మామూలుగా మాట్లాడినా ఫైలు పైకి చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో పచ్చడి అడిగినా అంతేనని వాళ్ళ డ్రైవరు చెప్పాడు.

అలా పుట్టింది మా నామసార్థక్య ఉద్యమం. బోర్డు మీద ఏముందో లోపల అదే ఉండాలి. లేదంటే సీలు. వారోత్సవాలు జరిపాం, ర్యాలీ తీశాం, టోపీలు పంచాం. ఫలితాలు నిజంగానే బ్రహ్మాండంగా వచ్చాయి. రాజహంస బార్ వాళ్ళు సిమెంటు హంసని తెచ్చి గుమ్మంలో పెట్టారు. సాగర్ బార్ నుంచి సముద్రం కనబడదని నోటీసిస్తే, పాపం, మేడ మీద ఓ నిచ్చెన వేసి, ఎక్కి చూడదలచిన వాళ్ళకి ఎక్కించి చూపించారు. మూన్‌లైట్ బార్ వాళ్ళు పైకప్పు రేకులు రెండు పీకించేశారు. అమావాస్య రోజుల్లో ఏం చెయ్యాలో స్పష్టత ఇవ్వమని వాళ్ళు పెట్టుకున్న అర్జీ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

చిక్కల్లా వైన్స్ దగ్గర వచ్చింది.

నగరంలో మూడు వందల పన్నెండు వైన్స్ ఉన్నాయి. ఏ ఒక్కదాంట్లోనూ వైన్ ఉండదు. ఇది మా ఊళ్ళో పుట్టిన పసివాడికి కూడా తెలుసు. మన దగ్గర 'వైన్స్' అంటే మందు కొట్టు. అక్కడికి వెళ్ళి వైన్ అడిగినవాణ్ణి కొట్టువాడు ఎగాదిగా చూసి, ఎవరి ఇంట్లోనైనా కేకు చేస్తున్నారా అని అడుగుతాడు. మరి రూలు ప్రకారం మూడు వందల పన్నెండింటికీ సీలు వెయ్యాలి. వేస్తే సాయంత్రానికల్లా ఊరు ఊరంతా మా ఆఫీసు ముందు కూర్చుంటుంది. శేషఫణి గారి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది.

"నిర్వచించండి" అన్నారు నాతో.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని, నేను సాయంత్రం ఇంటికెళ్తూ మా సందు మొదట్లో ఉన్న వైన్స్ ముందు స్కూటరాపి, అరల్లో ఏమున్నాయో చూసి వరసగా రాసుకున్నాను. మర్నాడు ఉత్తర్వు వెలువడింది: 'వైన్ అనగా విస్కీ, బ్రాందీ, రమ్ము, జిన్ను, వోడ్కా మరియు బీరు. మద్యము అనగానూ ఇవియే.' మూడు వందల పన్నెండు కొట్లూ ఒక్క కలంపోటుతో పేరుకు తగ్గవైపోయాయి. కొట్లవాళ్ళు మా సారుకి గజమాల వేశారు. రాజధానిలో ఆయనకి ఉత్తమ సంస్కర్త పురస్కారం ఖాయమైంది. నా ప్రమోషన్ ఫైలు కూడా కదిలింది.

నేను వైన్ మర్చిపోయానని ఇప్పుడంటారు. మర్చిపోలేదండీ. అరలో లేదు, కాబట్టి రాయలేదు. ఉన్నది రాయడమే నా ఉద్యోగం.

నెల తిరక్కుండానే ఒక ఫిర్యాదు వచ్చింది. రాసినాయన పౌరుడు, సంతకం కూడా పెట్టాడు. 'తమరి దివ్యసముఖానికి. నేను నిన్న సాయంత్రం బీచి వెనక సందులో కొత్తగా పెట్టిన ఫ్రెంచి వైన్ బార్‌కి వెళ్ళి కూర్చోగా, నాకు వైన్ పోయబడినది. అదేమని అడగ్గా, ఇక్కడ వైనే ఉంటుందని జవాబు చెప్పిరి. నేను ఎంతో మనస్తాపానికి గురైతిని.'

శేషఫణి గారు అది రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వైన్ బారునందు వైన్ అమ్ముచున్నారా? ఎంత తెగింపు!"

ఆ బార్ యజమానురాలు పంపన మంగవేణి. యానాం మనిషి. వాళ్ళ తాత ఫ్రెంచివాళ్ళ పటాలంలో పనిచేశాడట, ఆ లెక్కన ఈవిడకి ఆ దేశం వెళ్ళే వీలు దొరికింది. అక్కడొక వైన్ బార్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేసింది, మొదటి ఆరేళ్ళూ గ్లాసులు తోమడమే. యాభై నాలుగేళ్ళ వయసులో తిరిగొచ్చి, ఉన్నదంతా పోసి ఇక్కడ ఒక పాత బంగళా నేలగదిని అద్దెకి తీసుకుంది. మేమిచ్చింది మూడు నెలల తాత్కాలిక అనుమతి. గడువు తీరే రోజు సాయంత్రం తనిఖీ జరిగి, పేరుకు తగ్గట్టే ఉందని మేం సంతకం పెడితే బార్ నిలుస్తుంది. పెట్టకపోతే ఆ సాయంత్రమే సీలు, ఇక ఈ జన్మలో ఆవిడకి లైసెన్సు రాదు. అదీ నేను రాసిన రూలే.

తనిఖీకి వారం ముందు ఆవిడ మా ఆఫీసుకి వచ్చింది. జరీ అంచు నేత చీర, చేతిలో మా ఉత్తర్వు కాపీ. నా బల్ల ముందు నిలబడి, "ఇది రాసింది తవరేనంట కదండీ" అంది.

"శాఖ రాసింది" అన్నాను.

"ఆయ్, శాఖకి చేతులుండవు కదండీ. తవరి చేత్తోనే రాశారంట. ఇందులో 'వైన్ అనగా' అని మొదలెట్టి, అన్నీ రాసి, వైన్ ఒక్కటీ వదిలేశారండి. పెళ్ళి శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు వదిలేసినట్టుందండి. ఒక్క మాట చేర్చెయ్యండి బాబూ. 'మరియు వైన్' అని. మీకు చిటికెలో పని, నాకు బతుకండి."

ఆవిడ అన్నది నిజమే. చిటికెలో పనే. కాని నిర్వచనం సవరించాలంటే, మొదటిసారి ఎందుకు వదిలారో బాధ్యుడైన ఉద్యోగి లిఖితపూర్వకంగా వివరించుకోవాలి. బాధ్యుడైన ఉద్యోగిని నేను. నా ప్రమోషన్ ఫైలు అప్పటికి రాజధానిలో మూడో బల్ల దాటింది. పైగా నిర్వచనం తిరగదోడితే ఆ మూడు వందల పన్నెండు సర్టిఫికెట్లూ మళ్ళీ విప్పాలి, అప్పుడు సారు పురస్కారం గంగలో కలుస్తుంది.

"చూద్దాం లెండి" అన్నాను. ఆఫీసు భాషలో దానికి అర్థమేమిటో ఆవిడకి తెలియదు. దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

తనిఖీ సాయంత్రం అయిదున్నరకి ముగ్గురం జీపు దిగాం. ముందు శేషఫణి గారు, వెనక నేను, నా వెనక ఇన్‌స్పెక్టరు ఎడ్ల జోగారావు, చంకలో సీలు సామగ్రి. బంగళా పక్కనుంచి నేలగదికి తొమ్మిది మెట్లు కిందికి దిగాలి. మెట్ల మొదట్లో, తల పైన రెండు గొలుసులకి చిన్న చెక్కబోర్డు వేలాడుతోంది. దాని మీద తెల్లరంగుతో, కొంచెం వంకరగా, 'లా కావ్ - ఫ్రెంచ్ వైన్ బార్' అని రాసి ఉంది.

శేషఫణి గారు అక్కడే ఆగిపోయారు. "కావ్ అని వ్రాసినారు. కాకి ఏదీ?"

జోగారావు చెట్టు కొమ్మల్లోకి, గోడ మీదికి చూసి, "ఈ పూటకి గూటికెల్లిపోయుంటాది సార్" అన్నాడు.

"కాకి కాదండీ, కావ్ అంటే ఆ భాషలో నేలమాళిగండి" అంటూ మంగవేణి ఎదురొచ్చింది. "ఇది నేలమాళిగే కదండీ. పేరుకి తగ్గట్టే పెట్టుకున్నానండి. దిగండి, మెట్టు చూసుకోండి."

"కాకి గైర్హాజరు" అని నా చేత రాయించి మరీ దిగారు సారు.

లోపల ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఎనిమిది బల్లలు. ఇటుక కమాను కప్పు, మంచి బియ్యం కొట్టులా చల్లగా ఉంది. గోడ పొడవునా చెక్క అరల్లో సీసాలు పడుకోబెట్టి ఉన్నాయి. ప్రతి బల్ల మీదా చిన్న పసుపుపచ్చ దీపం. పాట ఏదో వినబడీ వినబడనట్టు. మూల బల్ల దగ్గర ఓడల్లో పనిచేసి రిటైరైన అక్కిరాజు గారనే పెద్దమనిషి ఒక గ్లాసు ముందు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. ఆయన తప్ప ఇంకా ఎవరూ రాలేదు. ఎవరూ అరవడం లేదు, ఎవరూ ఏడవడం లేదు, ఎవడూ కుర్చీ ఎత్తడం లేదు. నా సర్వీసులో అలాంటి బార్ చూడలేదు. నిజం చెప్పొద్దూ, నాకక్కడ కూర్చోవాలనిపించింది.

"అనుమానాస్పద ప్రశాంతత" అన్నారు శేషఫణి గారు. రాసుకున్నాను.

జోగారావు అరల దగ్గరికెళ్ళి సీసాలు ఒక్కోటీ లాగి చూశాడు. "ఏటి మేడమ్, క్వార్టర్లు లేవేటి? హాఫులైనా లేవు. జనం జేబులో ఏటెట్టుకుంటారు?"

"జేబులో పెట్టుకోరండీ, కూర్చుని తాగుతారండి."

"ఇస్కీ?"

"ఉండదండీ."

"పోనీ బ్రాందీ? బీరైనా?"

"వైన్ బారండీ ఇది, బాబూ!"

"అదే గదా నానడిగేది" అన్నాడు జోగారావు, నిజంగానే అర్థం కాక. "వైన్ బారైనప్పుడు ఇస్కీ ఎందుకు లేదు?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. అప్పుడు మంగవేణి, మాటలతో కాదులే అనుకుందేమో, మూడు పెద్ద గ్లాసులు తెచ్చి, ఒక సీసా మూత జాగ్రత్తగా లాగి, ఒక్కో గ్లాసులో అడుగున కాస్తకాస్త పోసింది. "రుచి చూడండి. చూశాక మీకే తెలుస్తుందండి."

శేషఫణి గారు గ్లాసెత్తి దీపానికి అడ్డంగా పెట్టి చూశారు. "గ్లాసు పరిమాణము హెచ్చు. పోసిన ద్రవము స్వల్పము. మూడింట రెండు వంతులు గాలి. కొలతలో మోసము, ఒకటి."

"గాలి ఆడాలండీ దానికి. ముందు వాసన చూడండి. చూశాక నోట్లో పోసుకుని, నాలిక మీద తిప్పండి. మీరు డ్యూటీలో ఉన్నారు కాబట్టి మింగక్కర్లేదండి, ఇదిగో, ఇందులో ఉమ్మెయ్యొచ్చు" అని ఒక చిన్న రాగి బిందె తెచ్చి పెట్టింది. రుచి చూసేవాళ్ళు ఉమ్మడానికి అక్కడ అలా పెట్టడం ఆనవాయితీ అట.

సారు కళ్ళు మెరిశాయి. "వ్రాయండి నాయుడు గారూ. 'సదరు సరుకు ఉమ్మివేయదగినదని యాజమాన్యమే అంగీకరించినది. అందునిమిత్తము ఒక పాత్రను సైతము ఏర్పాటు చేసినది.' రెండు."

జోగారావు అప్పటికే మింగేశాడు. మొహం వంకరపెట్టి, "పుల్లగుంది సార్. సెడిపోనాదేమో" అన్నాడు. సీసా తిప్పి చూసి, కెవ్వుమన్నంత పనిచేశాడు. "సార్! తేదీ సూడండి! రెండు వేల తొమ్మిది! ఇన్నేళ్ళయిపోనాది! అయ్‌బాబోయ్, నాకేటైపోద్దో!"

"అది పంట ఏడాదండీ! పాతబడేకొద్దీ విలువండి దానికి!"

"గడువు తీరిన సరుకును గొప్పగా చెప్పుకొనుట, మూడు" అన్నారు సారు. ఆయన గ్లాసు ఎప్పుడు ఖాళీ అయిందో నేను చూడలేదు. బిందెలో మాత్రం చుక్క లేదు.

పళ్ళెంలో ఆవిడ పెట్టిన జున్నులాంటి ముక్కల మీద నీలంగా బూజు ఉంది. అలాగే తినాలట. "మా ఇంట్లో పచ్చడికి బూజొస్తే మా ఆడది పారబోసేస్తాది. ఈళ్ళు దాన్ని పళ్ళెంలో ఎట్టి మరీ ఇత్తన్నారు" అన్నాడు జోగారావు. నాలుగు. ఈ పాటికి నా పెన్ను దానంతటదే నడుస్తోంది. గుడ్డు మీద ఈకలు పీకడంలో మా శాఖకి సాటి లేదు.

ఇక సాక్షి వాంగ్మూలం. శేషఫణి గారు అక్కిరాజు గారి బల్ల దగ్గరికెళ్ళి నిలబడ్డారు.

"తమరిచ్చటికి ఏ ఉద్దేశముతో విచ్చేసినారు?"

"వైన్ తాగడానికి."

"మీకు విస్కీ ఇచ్చినారా?"

"నేనడగలేదు."

"అడిగియుండినచో ఇచ్చియుండెడివారా?"

"లేదుగా మరి, ఎలా ఇస్తారు?"

"వ్రాయండి. 'వినియోగదారునికి విస్కీ నిరాకరింపబడినది.' అయిదు."

అక్కిరాజు గారు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "అయ్యా, నేను ముప్పై ఏళ్ళు ఓడల మీద దేశదేశాలు తిరిగాను. ఈ ఊళ్ళో నన్ను మనిషిలా కూర్చోబెట్టిన కొట్టు ఇదొక్కటే. దీన్ని కూడా మూసేస్తారా?"

"భావోద్వేగములకు ఫారములో గడి లేదు" అన్నారు సారు.

మంగవేణి నా వైపు చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. "చూద్దామన్నారు కదండీ. ఇదేనా తవరు చూడ్డం?"

నా పరిస్థితి తేలు కుట్టిన దొంగలా అయింది. ఆవిణ్ణి పక్కకి పిలిచి, కర్ర విరక్కుండా పాము చావకుండా ఒక దారి చెప్పాను. "అమ్మా, ఒక్క విస్కీ క్వార్టరు తెప్పించి అరలో పెట్టెయ్యండి. ఎవరికీ అమ్మక్కర్లేదు. అది కనబడితే చాలు, మా ఫారంలో 'విస్కీ' అన్న గడి నిండుతుంది, పేరుకు తగ్గట్టుందని నేను రాసేస్తాను."

"పెట్టనండి."

"మొండితనం కాకపోతే, ఒక్క సీసాయే కదా!"

"ఇరవై రెండేళ్ళండీ. పరాయి దేశంలో, వాళ్ళ భాష రాక, వాళ్ళ తిట్లు తింటా నేర్చుకున్నానండి ఈ పని. ఏ సీసా ఏ కొండవాలులో పండిందో కళ్ళు మూసుకుని చెబుతానండి. ఇప్పుడు మీరు రాయడం మర్చిపోయిన ముక్క కోసం నా అరలో దొంగసీసా పెట్టమంటారా? ఇవాళ ఒకటి పెడితే రేపు పెట్టె పెట్టమంటారు. ఎల్లుండికి ఉడకేసిన గుడ్లు పెట్టమంటారు. వేసుకోండి మీ సీలు."

సారు తల పంకించారు. జోగారావు లక్క వెలిగించాడు. సీలు వేసే ముందు సరుకు లెక్క రాసుకునే జప్తు ఫారం బల్ల మీద పరిచాను. అయిదు ప్రతులు, వరస నంబర్లతో అచ్చయినవి. దీన్ని కూడా నేనే తయారుచేశాను. మన నిర్వచనం ప్రకారం ఆరు గళ్ళు: విస్కీ, బ్రాందీ, రమ్ము, జిన్ను, వోడ్కా, బీరు. 'ఇతరములు' అని ఏడో గడి పెడితే, అది అవినీతికి ద్వారమని సారే కొట్టేయించారు.

జోగారావు సీసాలు లెక్కపెట్టి వచ్చాడు. "నాలుగొందల ఆరు సార్. ఏ గడిలో రాయమంటారు?"

నేను ఆరు గళ్ళ మీదా పెన్ను తిప్పి చూశాను. 

"విస్కీలో రాసేద్దునా?" అన్నాడు జోగారావు.

"అసత్యము వ్రాయరాదు" అన్నారు శేషఫణి గారు. ఆయన నిజాయితీపరుడు, ఆ మాట ఒప్పుకోవాలి. "ఏ గడియందును ఇమడనిది లేనిదిగా పరిగణింపబడును. ఆరింటను నిల్ వ్రాయండి."

రాశాను. విస్కీ నిల్. బ్రాందీ నిల్. ఆరూ నిల్లే. కింద 'మొత్తం మద్యము: నిల్' అని కూడా రాశాను. సారు సంతకం, నా సంతకం, జోగారావు సంతకం, సాక్షిగా అక్కిరాజు గారి సంతకం. రూలు ప్రకారం ఒక ప్రతి అక్కడికక్కడే యజమానురాలికి ఇచ్చి, అందినట్టు రాయించుకున్నాం.

మంగవేణి కళ్ళజోడు పెట్టుకుని కాయితం పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ మొదట్నుంచీ చదివింది. తర్వాత చాలా మర్యాదగా అడిగింది. "అయ్యా, తవరి శాఖకి ఎవరి మీదండీ అధికారం?"

"మద్యము విక్రయించు వారందరి మీదను."

"నా దగ్గర మద్యం ఎంతుందని రాశారండీ?"

శేషఫణి గారు నా చేతిలోని ప్రతి లాక్కుని చూసుకున్నారు.

"నిల్ అని రాశారండి. ముగ్గురూ సంతకాలు పెట్టారు. పెద్దాయన సాక్షి. మద్యం లేని కొట్టుకి మీ లైసెన్సెందుకండీ? లైసెన్సక్కర్లేని కొట్టుకి మీ సీలెందుకండీ? ఆ లక్క ఆర్పెయ్యమనండి, వాసనొస్తోంది."

జోగారావు సారు వైపు చూసి, ఉఫ్‌మని ఆర్పేశాడు.

శేషఫణి గారు అంత తొందరగా ఓడిపోయే మనిషి కాదు. "బోర్డు!" అన్నారు. "బోర్డు మీద వైన్ అని యున్నది. పేరున్నంతకాలము నామసార్థక్య నిబంధన వర్తించును!"

మంగవేణి ఒక స్టూలు తీసుకుని తొమ్మిది మెట్లూ ఎక్కింది. మేమూ ఎక్కాం. స్టూలు మీద నిలబడి, ఒక గొలుసు తప్పించింది, రెండోది తప్పించింది, బోర్డు దింపి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. దాని మీద అక్షరాలు ఆవిడ స్వయంగా రాసుకున్నవేనట, ఇరవై రెండేళ్ళ తర్వాత తెలుగు రాయడం అదే మొదలట. అందుకే వంకర. కొంగుతో ఒకసారి తుడిచి, బోర్లా తిప్పి గోడకి ఆనించింది.

"ఇప్పుడు పేరు లేదండి. సరుకూ లేదండి. రూలు దేనికి తగిలిస్తారో తగిలించండి."

నాకు సిగ్గేసింది. ఊళ్ళో వైన్ ఉన్న ఒకే ఒక్క కొట్టు, వైన్ అన్న మాట వదులుకుంటే తప్ప బతకలేదు. వైన్ లేని మూడు వందల పన్నెండు కొట్ల మీద అదే మాట దీపాలతో వెలుగుతూ ఉంటుంది. అంతా నా దస్తూరీయే.

శేషఫణి గారు చాలాసేపు లెక్కలు వేసుకున్నట్టున్నారు. నంబర్లున్న ఫారం చింపితే సంజాయిషీ. నిర్వచనం మారిస్తే పురస్కారం పోతుంది. చివరికి గొంతు సవరించుకుని, "'స్థలము ఖాళీగా ఉన్నట్లు కనుగొనబడినది' అని వ్రాసి ఫైలు మూసివేయండి" అన్నారు. ఆపైన ఆయన జీపు వైపు వెళ్ళలేదు. మళ్ళీ తొమ్మిది మెట్లూ దిగి, ఒక కుర్చీ లాక్కుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. "అమ్మా, తనిఖీ ముగిసినది. ఆ రెండు వేల తొమ్మిదిలో ఇంకనూ కొంత మిగిలియుండవలె."

"లేదండి" అంది వెనకే దిగొచ్చిన మంగవేణి.

"సీసా ఎదుటనే యున్నదిగా!"

"ఖాళీ స్థలమని రాయించారు కదండీ. ఖాళీ స్థలంలో సీసా ఎక్కడుంటుందండీ, కుర్చీ ఎక్కడుంటుందండీ? కింద పడతారు, లెండి."

అక్కిరాజు గారు పేపరు చాటున నవ్వడం వినబడింది. సారు లేచారు. ఇస్త్రీ నలగని మనిషి, ఆ పూట మాత్రం కొంచెం నలిగారు. జోగారావు వెనకే నడిచాడు. నేను కూడా గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకో ఆగాను. నా గ్లాసు నేనింకా ముట్టుకోలేదు. బల్ల మీద అలాగే ఉంది, దీపం వెలుగులో ఎర్రగా.

"అమ్మా, అది..." అన్నాను.

మంగవేణి ఆ గ్లాసు తెచ్చి నాకూ తనకూ మధ్య బల్ల మీద పెట్టింది. పక్కన ఒక తెల్లకాయితం పెట్టింది. "అందులో ఉన్నదేంటో మీ చేత్తో రాయండి. ఒక్క మాటే. రాసి సంతకం పెట్టండి, అంతే. తాగి వెళ్దురుగాని. రోజూ రండి, కాదన్ను."

జేబులోంచి పెన్ను తీశాను. మూత విప్పాను. రెండక్షరాలు, రాస్తే అరక్షణం పట్టదు. తలెత్తితే మెట్ల మీద శేషఫణి గారు వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నారు.

మూత పెట్టేసి పెన్ను జేబులో పెట్టుకున్నాను. ఆవిడ ఆ గ్లాసు తీసుకెళ్ళి అక్కిరాజు గారి ముందు పెట్టింది.

పైకొచ్చేసరికి జీపు దగ్గర జోగారావు నోరు తుడుచుకుంటున్నాడు. నా మొహం చూసి జాలిపడ్డాడు. "పోనీండి సార్, ఆ పులుపెవుడిక్కావాలి? సందు సివర వైన్సుంది, పదండి" అన్నాడు.